రెండు సీట్ల కారుకు ఏ నూనె

మా నాన్న లోకంలో అన్నిటికంటే తక్కువగా నమ్మేది సీలు వేసిన డబ్బాని. సీలు లేని డబ్బానయినా కాస్త ఆలోచించి నమ్మేవారేమో గానీ, సీలుంటే మాత్రం "ఇంత గట్టిగా మూశారంటే లోపల ఏదో ఉంది" అనేవారు. ఆయన కంటోన్మెంటులో పటాలానికి సరుకు అందించే స్టోర్సు గుమాస్తా. వచ్చిన ప్రతి మూటా విప్పించి, చేయి పెట్టి, వాసన చూసి గానీ సంతకం పెట్టని ఉద్యోగం. ఆ అలవాటు ఆయనతోపాటే సాయంత్రం ఇంటికి వచ్చేది. పాలవాడు, బియ్యం కొట్టు, చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు, ఎవ్వరూ ఆయన తనిఖీ తప్పించుకోలేదు. కూతుర్ని కాబట్టి నాకూ ఆ గుణం దండిగానే అబ్బింది. ఆ రోజుల్లో సికింద్రాబాదులో అనుమానం లేకుండా బతికినవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు మాత్రం తారసపడలేదు.

నేను చెప్పేది పోలీసు చర్యకు ముందు వేసవి సంగతి. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయారు. నిజాం సంస్థానం యూనియన్లో కలుస్తుందా, కలవదా అన్నది తేలలేదు. సరిహద్దు అవతలినుంచి సరుకు రావడం ఆగిపోయింది. ఉప్పు, కిరోసిను, మందులు, పెట్రోలు, దేనికి చూసినా కటకటే. పల్లెలనుంచి రోజుకో కబురు వచ్చేది. రైల్లోంచి మనుషుల్ని దింపేశారని ఒకరు, రోడ్డు మీద ఆపి సోదా చేస్తున్నారని ఇంకొకరు. అందులో ఏది నిజమో, ఏది పుకారో చెప్పగలిగినవాడు లేడు. గుంటూరు వైపు బంధువులున్న మాలాంటి కుటుంబాలు ఒక్కొక్కటే చెప్పకుండా వెళ్ళిపోతున్నాయి. మొన్నటిదాకా చర్చిలో మన పక్కన కూర్చుని పాడినవాళ్ళ ఇంటికి ఇవాళ తాళం ఉండేది. అడిగితే ఇరుగుపొరుగు ముఖం చాటేసేవారు.

మేము కార్ఖానా పేటలో చిన్న పెంకుటింట్లో ఉండేవాళ్ళం. నాన్న, అమ్మ, నేను. నేను మిషను బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని. నాకు పెళ్ళి కాలేదు. వచ్చిన రెండు మూడు సంబంధాలనూ నాన్న నూనె డబ్బాల్లాగే మూత తీసి చూసి వెనక్కి పంపారు. అందుకు నాకు విచారం లేదు.

పెరట్లో రేకుల షెడ్డు కింద ఒక కారు ఉండేది. నాన్న పై అధికారిగా ఉన్న ఇంగ్లీషు దొర స్వదేశం వెళ్తూ, దాన్ని ఓడెక్కించే ఓపిక లేక ఇచ్చేసి పోయాడు. అప్పటికే అది పాతబడ్డ బండి. పందాల్లో తిప్పడానికి చేసింది. పొడుగాటి మూతి, గుడ్డ టాపు, ఇనప చువ్వల చక్రాలు. సీట్లు రెండే. వెనక ఒక ట్రంకుపెట్టె కట్టుకునేంత చోటు ఉంది, అక్కడ పిల్లి పడుకునేది. మనిషి మాత్రం పట్టడు. మేము ముగ్గురం. ఈ లెక్క చూసుకోవలసిన అవసరం అప్పటిదాకా ఎవరికీ రాలేదు. నాన్న ఆ కారును తుడవడమే ఎక్కువ, నడపడం తక్కువ. అమ్మయితే అది ఎక్కనే లేదు. దొరలు ఊరేగిన బండిలో తాను కూర్చుంటే జనం నవ్వుతారని ఆవిడ భయం.

బడికి వేసవి సెలవులు ఇచ్చారు. ఒకరోజు పొద్దున్నే నాన్న బండి కింద దూరి, పాత నూనె మొత్తం బకెట్టులోకి దింపేశారు. తారు లాంటి నూనె. చేతులు తుడుచుకుంటూ, "ఇంజనుకూ గేర్ల పెట్టెకూ కొత్త నూనె పోయాలి. ఏం దొరుకుతుందో చూద్దాం" అన్నారు, పచ్చడికి మామిడికాయలు దొరుకుతాయో లేదో అన్నంత మామూలుగా.

తిండి గింజలకే కటకటగా ఉంటే, ఊరికే నిలబడి ఉన్న కారుకు నూనె ఎవరు మారుస్తారు? ఎక్కడికో ప్రయాణం ఉంటేనే మారుస్తారు. ఎక్కడికి అని కాదు, ఎవరెవరు అని నాకు ఆ క్షణంలోనే అనిపించింది. సీట్లు రెండే కదా.

నూనె కొనడానికి నన్నూ వెంటబెట్టుకుని రాణీగంజ్ వెళ్ళారు. ఆడపిల్లను ఇంజను నూనె దుకాణానికి ఎందుకు తీసుకెళ్తున్నారో అడిగాను. "నీకు మంచి ముక్కుంది" అన్నారు. నాకు నచ్చని సమాధానం, కానీ అబద్ధం కాదు.

దుకాణదారు ఒక డబ్బా తెచ్చి బల్లమీద పెట్టాడు. పైన మెరిసే బొమ్మ, మూతికి సీసపు సీలు. నాన్న జేబులోంచి అద్దుడు కాగితం ముక్క తీశారు. డబ్బా తెరిపించి, పుల్లతో ఒక బొట్టు దానిమీద వేసి, ఎండలో పట్టుకున్నారు. మంచి నూనె అయితే మరక అంచుదాకా ఒకే రంగులో పాకుతుందట. ఇది పాకలేదు. నడిమధ్యన నల్లటి చుక్క మిగిలింది, చుట్టూ పలచటి వలయం.

"ఇది ఒకసారి లారీలో తిరిగొచ్చిన నూనె. వడగట్టి మళ్ళీ డబ్బాకెత్తారు" అన్నారు నాన్న.

"ఏంది సార్ గిట్లంటరు? మీ ముందట్నే సీల్ తీస్తిని గదా! బయటి మాల్ బందై ఎన్ని దినాలాయె, ఇగ గిదే దొరికేది" అని దుకాణదారు చేతులు తిప్పాడు. తరువాత గొంతు తగ్గించి, "దూరం పోతున్నరా సార్? ఏ దిక్కు?" అన్నాడు.

"ఎక్కడికీ లేదు. షెడ్డులో ఉండి ఉండి తుప్పు పడుతోందని" అన్నారు నాన్న.

దుకాణం బెంచీ మీద ఒకతను అంతసేపూ పత్రిక చదువుతూ కూర్చున్నాడు. ఆ మాటతో పత్రిక దించి మమ్మల్ని తేరిపార చూశాడు. అతను ఎవరి మనిషో నాకు తెలియదు. ఎవరి మనిషీ కాకపోవచ్చు కూడా. తిరిగి వచ్చేటప్పుడు నాన్న తిన్నగా ఇంటికి రాకుండా రెండు సందులు చుట్టి వచ్చారు.

తరువాత ఇంకొకరి ద్వారా ఇంకొక నూనె వచ్చింది. చూడ్డానికి దివ్యంగా ఉంది, తేనె రంగు, వేలితో ముట్టుకుంటే పట్టులా జారుతోంది. అంత బాగుండటమే నాన్నకు నచ్చలేదు. "చూడు" అని నా ముక్కు కింద పెట్టారు. నాకు చిన్నప్పుడు అమ్మ నా మాడుకు అద్దిన చేయి గుర్తొచ్చింది.

"ఆముదం" అన్నాను.

మా చుట్టుపక్కల జిల్లాల్లో ఆముదం పంటకు కొదవ లేదు. సరిహద్దు మూసేసినా అది ఎక్కడికీ పోలేదు. అందుకని దొరకని నూనెలో దొరికే ఆముదం కలిపి అమ్ముతున్నారు. ఉత్త ఆముదంతో నడిచే పందెపు బండ్లు దొరల సీమలో ఉన్నాయని, అది ఇంజనుకు గొప్ప నూనే అని నాన్నే చెప్పారు. చిక్కంతా రెండింటినీ కలిపితేనే. భూమిలోంచి తీసిన నూనె, గింజల్లోంచి తీసిన నూనె ఇంజను వేడికి ఒకదానితో ఒకటి పడక జిగురు కడతాయి. సన్నటి దారులు మూసుకుపోతాయి. ఎక్కడో దారి మధ్యలో బండి బిగుసుకుని నిలబడుతుంది. "దారి మధ్యలో" అన్నప్పుడు ఆయన గొంతు మారింది. నేను ఆ మాట పట్టుకుని రెండు రోజులు నమిలాను.

నా ముక్కు ఒక్కటే సాక్ష్యంగా ఆయనకు చాల్లేదు. సీసాలో కొంచెం నూనె పోసి దానిమీద స్పిరిటు పోసి ఊపారు. ఆముదమయితే స్పిరిటులో కలిసిపోతుంది, భూమి నూనె అడుగుకు దిగుతుంది. ఆ స్పిరిటు అమ్మ స్టవ్వు వెలిగించుకోవడానికి దాచుకున్నది. రెండు మూడు రకాల నూనెలు చూసేసరికి అమ్మ సీసా సగమయింది. నాన్న అడిగి తీసుకోలేదు. అడిగితే ఎందుకో చెప్పాలి కదా.

అమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి మద్యం చేసే కీడు గురించి ఏటా ఉపన్యాసం ఇచ్చే మనిషి. సగమయిన సీసా చూసి, తరువాత నాన్న దగ్గరకు వెళ్ళి తువ్వాలు అందించే నెపంతో ఆయన చొక్కా వాసన చూసింది. నేను వంటింట్లోంచి చూశాను. ఆవిడ ముఖం పాలిపోయింది. నవ్వు ఆపుకోలేక చచ్చాను గానీ, విషయం చెప్పి ఆవిడ అనుమానం తీర్చలేదు. తీర్చాలంటే ప్రయాణం సంగతి ఎత్తాలి. అది ఎత్తడానికి మా ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు. నాన్న తాగుతున్నారేమోనని అమ్మ, నాన్న వెళ్ళిపోతున్నారేమోనని నేను, ప్రపంచమంతా నూనెలో ఆముదం కలుపుతోందని నాన్న. అన్నం వడ్డించుకుంటూ మాత్రం ముగ్గురం ఎండల గురించే మాట్లాడుకున్నాం.

చివరికి నాన్న పాత పరిచయాల్లో ఎవరో, కంటోన్మెంటు గోదాములో మిగిలిపోయిన నికార్సయిన ఇంజను నూనె ఇచ్చారు. అద్దుడు కాగితం మీద, స్పిరిటు సీసాలో, నా ముక్కు కింద, మూడు చోట్లా అది నెగ్గింది. నాన్న దాన్ని మంచం కింద పెట్టుకుని పడుకున్నారు.

ఇంజను సంగతి తేలింది. గేర్ల పెట్టె సంగతి తేలలేదు. మా సందు చివర ఒక మెకానిక్కు షెడ్డు ఉండేది. అతను వచ్చి బండి చుట్టూ తిరిగి, "ఇంజన్ తేల్ గేర్ల పొయ్యొద్దు సాబ్. గాఢా తేల్ పొయ్యాలె. ఆవాజ్ సుత బందైతది" అన్నాడు. తన దగ్గరున్న చిక్కటి గేరు నూనె తెచ్చి చూపించాడు. గంధకం వాసన కొట్టింది. ఆ వాసనుండే నూనె లోపలి కంచు భాగాల్ని మెల్లగా తినేస్తుందని నాన్న అనుమానం. దొర వదిలి వెళ్ళిన పుస్తకంలో గేర్ల పెట్టెలో కూడా ఇంజను నూనే పోయమని ఉంది. ఆ పుస్తకం చలిదేశంలో రాసింది, మన ఎండలకు అది పనికిరాదని మెకానిక్కు. మోత తగ్గినంత మాత్రాన అరుగుదల తగ్గినట్టు కాదని నాన్న. ఇద్దరూ ఒకరినొకరు ఒప్పించుకోలేదు. వెళ్తూ వెళ్తూ మెకానిక్కు, "సామాన్ ఎక్కువ పెడ్తరా సాబ్? మరి ఎంతమంది పోతరు?" అన్నాడు. బండిమీద బరువు తెలుసుకోవడానికే అడిగి ఉంటాడు. నాన్న మాట దాటేశారు. అతను అటు వెళ్ళగానే, "ఇన్ని ప్రశ్నలెందుకు వీడికి" అన్నారు.

నాకూ ఆ ప్రశ్నే కావాలి. ఎంతమంది పోతారు?

దాంతో నాన్న గంధకం వాసన లేని ఇంకొక చిక్కటి నూనె సంపాదించారు. ముందు అది పోసి చూడాలి, తరువాత దింపేసి పలచటిది పోసి చూడాలి అన్నారు. చూడ్డమంటే ఆయన నడపడం కాదు. "నేను నడిపితే నా చెవి రోడ్డు మీద ఉంటుంది. నువ్వు నడుపు, నేను వింటాను" అన్నారు. నేను నోరు తెరిచాను. సైకిలు తొక్కుతానంటేనే వద్దన్న మనిషి!

పటాలాలు వెళ్ళిపోయాక నేరేడ్‌మెట్ వైపు మైదానాలు ఖాళీగా పడి ఉండేవి. పొద్దున ఎండ ముదరకముందు అక్కడికి తీసుకెళ్ళి నాకు నడపడం నేర్పేవారు. దాచుకున్న పెట్రోలు గ్లాసుతో కొలిచినంత జాగ్రత్తగా పోసేవారు. మొదట ముందుకు వెళ్ళి హ్యాండిలు తిప్పి ఇంజను లేపాలి. అదీ నేనే. తన నడుము పట్టేసిందనేవారు. ఆ నడుముతోనే ముందు రోజు బండి కింద గంటసేపు పడుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

ఆ బండిలో గేరు మార్చడం ఒక తపస్సు. క్లచ్చి తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కి, వేగం సరిచూసుకుని కర్ర జరపాలి. తప్పితే లోపల పళ్ళు కొరికిన చప్పుడు. చిక్కటి నూనెతో ఆ కర్ర సిమెంటులో పాతినట్టు కదిలేది కాదు. నాన్న కాళ్ళ దగ్గరి చెక్కకు చెవి ఆనించి, అట్లా వంగే "నీ చేతికెట్లా ఉంది?" అని అడిగేవారు. "నొప్పిగా ఉంది" అంటే, "ఎంత నొప్పి? మణికట్టా, భుజమా?" అని ఆరా తీసేవారు. పలచ నూనె పోశాక కర్ర కదిలింది, హ్యాండిలూ తిరిగింది, మోత మాత్రం ఎక్కువయింది. "మోత సంగతి వదిలెయ్. నీ చేతికెట్లా ఉంది?" అన్నారు మళ్ళీ.

"నా చేతితో పనేమిటి? నడిపేది మీరు. మీ చేతికి ఏది బాగుంటే అది పోయండి" అన్నాను విసురుగా.

ఆయన పలచ నూనే ఉంచేశారు.

మా పక్కింటివాళ్ళు తాతల కాలంనుంచీ ఇక్కడివాళ్ళే. ఆ ఇంటావిడ గోడ మీంచి, "ఏందమ్మా, బండి నువ్వు తోలుతున్నవంట? ఎటన్న పోతున్నరా ఏంది?" అంది.

"లేదత్తా, నూనె చూస్తున్నాం" అన్నాను.

"నూనె చూసుడేంది, గుంటూరు దాక చూస్తరా?" అని నవ్వింది. వెంటనే నవ్వు ఆపి, "పోతే జెర చెప్పి పోండ్రి బిడ్డా. చెప్పకుంట పోతే మేం పరేషానయితం" అంది. చెప్పడానికి నాకు తెలిస్తే కదా.

మా ఇంట్లో రోజూ సాయంత్రం దీపం పెట్టే వేళకు కుటుంబ ప్రార్థన జరిగేది. చాప మీద కూర్చుని వాక్యం చదువుకుని, ముందు నాన్న పైకి ప్రార్థన చేసేవారు, చివర్లో అమ్మా నేనూ ఆమెన్ అనేవాళ్ళం. మా కుటుంబంలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థనలో అన్న మాట మీద తరువాత చర్చ ఉండదు. అది దేవుడితో అన్న మాట. మధ్యలో మనం ఎవరం? ముఖాముఖి చెప్పలేనివన్నీ మా పెద్దవాళ్ళు ఆ దారినే చెప్పుకునేవారు. మేనత్తకు మందలింపు, తాతయ్య ఒప్పుకున్న తప్పు, నా చదువు ఇంకో రెండేళ్ళు సాగుతుందన్న కబురు, అన్నీ నేను కళ్ళు మూసుకునే విన్నాను.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం నాన్న రోగుల కోసం, పాలించేవాళ్ళ కోసం ప్రార్థించి, ఒక్క క్షణం ఆగి, "మా ఇంటినుంచి ప్రయాణం కాబోయే ఇద్దరినీ నీ చేతికి అప్పగిస్తున్నాను తండ్రీ" అన్నారు.

నేను కళ్ళు తెరిచేశాను. అమ్మ తెరవలేదు. "ఆమెన్" అంది, గట్టిగా, ఎప్పటికంటే గట్టిగా. నేనూ అన్నాను. అన్నాననే అనుకుంటాను, గొంతులోంచి ఏదో వచ్చింది.

ఇద్దరు. ఒక ఇంట్లో ఇద్దరు అంటే ఎవరు? మొగుడూ పెళ్ళాం. అంతకంటే నాకేమీ తోచలేదు. తోచనివ్వకుండా సాక్ష్యాలు కూడా పోగయ్యాయి. మర్నాటినుంచీ అమ్మ నా బట్టలన్నీ వేరుచేసి ఉతికి, ఇస్త్రీ చేసి, ఒక చిన్న ట్రంకులో సర్దడం మొదలుపెట్టింది. తనవి ముట్టుకోలేదు. మా బడి హెడ్మిస్ట్రెస్‌గారు, "అవసరమయితే హాస్టలులో నీకొక గది ఉంది, మొహమాటపడకు" అని అదే వారంలో అన్నారు. ఆవిడ అందరు టీచర్లతోనూ అన్నారు, కానీ నా చెవికి అది నాకోసం ముందే మాట్లాడి పెట్టిన గదిలా వినిపించింది. నన్ను హాస్టలులో దించి వాళ్ళిద్దరూ వెళ్తారు. నా చేత బండి నడిపించింది ఆ నూనె సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి. నా ముక్కు, నా మణికట్టు, నా భుజం, అన్నీ వాళ్ళ ప్రయాణానికే వాడుకున్నారు.

ఆ వానాకాలం నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు. అమ్మ నా లంగాలూ చీరలూ మడతపెడుతూ ముక్కు చీదుకునేది. తప్పు చేస్తున్నానన్న బాధ ఆవిడకు కూడా ఉందిలే అనుకుని, ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. ప్రార్థనలో వచ్చినదాన్ని అడగకూడదన్న పద్ధతి సగం ఆపింది, నా రోషం సగం ఆపింది.

సెప్టెంబరులో ఒక పొద్దున విమానాల చప్పుడుకు లేచాం. యూనియన్ సైన్యం సరిహద్దు దాటిందన్నారు. వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. మర్నాడు బేగంపేట వైపునుంచి ఏదో పేలిన శబ్దం వచ్చింది, మా పెంకులు కదిలాయి. నాన్న ఆఫీసుకు వెళ్ళినవారు వెళ్ళినట్టే తిరిగి వచ్చి, షెడ్డు తలుపు తెరిచి, బండి వాకిట్లోకి తోసుకొచ్చారు. నా ట్రంకు వెనక కట్టారు. ఒక నూనె డబ్బా సీటు కింద పెట్టారు. "ఇక బయలుదేరాలి" అన్నారు.

నేను గుమ్మంలో నిలబడ్డాను. ఏడవకూడదని పళ్ళు బిగబట్టుకున్నాను. అమ్మ తల దువ్వుకుని, చేతిలో అటుకుల మూటతో వచ్చి, ఆ మూట నా చేతిలో పెట్టి, నా నుదుటిమీద ముద్దు పెట్టుకుంది. "ఎక్కు తల్లీ" అంది.

"నేనా? నువ్వెక్కు" అన్నాను.

"నేనెందుకు ఎక్కుతాను? నువ్వెక్కు."

"ఇద్దరూ ఎక్కండి" అన్నారు నాన్న. "అమ్మాయి నడుపుతుంది. నువ్వు పక్కన."

మెదక్ దారిలో ఒక మిషను ఆసుపత్రిలో మా పెద్దమ్మ నర్సు. అక్కడికి వెళ్ళమన్నారు. మగవాడు కనిపిస్తే ప్రతి నాకా దగ్గరా దింపి ఎవరి తరఫువాడివని అడుగుతారు, ఆసుపత్రికి పోయే తల్లీకూతుళ్ళనయితే పోనిస్తారు అన్నారు. స్టోర్సు తాళాలు తన దగ్గరున్నాయి, తాను కదలకూడదన్నారు. ఇవన్నీ ఆయన నేలవైపు చూస్తూ చెప్పారు. నాతో మాత్రం ముఖం ఎత్తి, "గేరు నీకు అందుతుంది. నీ చేతికి చూసే పోశాను ఆ నూనె. ఇంజను ఆగినా భయపడకు, హ్యాండిలు నువ్వు తిప్పగలవు. దారిలో ఎవరు నూనె ఇచ్చినా పొయ్యకు. సీటు కింద ఉన్నదే పొయ్యి" అన్నారు.

నేను వెళ్ళి హ్యాండిలు తిప్పాను. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. వచ్చి స్టీరింగు చక్రం ముందు కూర్చున్నాను. ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు. ఆయన చెప్పారు, చేశాను. అమ్మ కూడా అట్లాగే వచ్చి పక్కన కూర్చుంది, జీవితంలో మొదటిసారి ఆ కారులో. కూర్చుని, చీర సర్దుకుని, అప్పుడు అడిగింది.

"ఏమండీ, ఇది మాకు ఎప్పుడు చెప్పారు మీరు?"

"ప్రార్థనలో చెప్పానుగా" అన్నారు నాన్న, ఆశ్చర్యంగా. "ఇద్దరూ ఆమెన్ అన్నారుగా!"

అమ్మ ఆయనవైపు తిరిగింది.

"నేను మీరూ అమ్మాయీ అనుకున్నానండీ" అంది. "పెళ్ళి కాని పిల్ల, దాన్ని మీరు తీసుకుపోతారు, నేను ఇల్లు చూసుకుంటూ ఉంటాను అనుకున్నాను. అందుకని ఆమెన్ అన్నాను. మిమ్మల్ని వదిలిపెట్టి పోవడానికి నేను ఆమెన్ అనలేదు. ఆ ఆమెన్ నేను వెనక్కి తీసుకుంటున్నాను."

మా ఇంట్లో అట్లా ఎవరూ అని ఎరగరు. ఆవిడ తలుపు తీసుకుని దిగిపోయింది. మూట విప్పి చూసి గానీ సంతకం పెట్టని నాన్న, వాకిట్లో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అమ్మ ఆయన చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

నేను చక్రం పట్టుకుని ఇంకా అక్కడే కూర్చున్నాను. ఇంజను మెత్తగా, ఏ పొరపొచ్చం లేకుండా తిరుగుతోంది. పక్క సీటు ఖాళీగా ఉంది. వానాకాలమంతా ఆ సీటులో నేను అమ్మను కూర్చోబెట్టుకుని కుళ్ళిపోయాను. ఆవిడ అదే సీటులో నన్ను కూర్చోబెట్టుకుని, నేను పోతున్నానని ఏడుస్తూ, నేను పోగలుగుతున్నానని ఇస్త్రీ పెట్టి నా బట్టలు మడతపెట్టింది. తాను మిగిలిపోతానని అనుకునే అంత గట్టిగా ఆమెన్ అంది.

నేను ఇంజను ఆపి లోపలికి వెళ్ళాను.